దుప్పటికి రెండో వైపు

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. ఆ సామెత కట్టినవాడెవడో పొడుగ్గానే ఉండి ఉంటాడు. నేను పొట్టిదాన్నే. ఆ సంగతి పెళ్ళికి అడ్డం రాలేదు, ఉద్యోగానికి అడ్డం రాలేదు. చివరికి దుప్పటి మడతపెట్టడానికి అడ్డమొచ్చింది. అదీ ఊరి గ్యాలరీలో, నలుగురి ముందు, నా మరదలు చూస్తుండగా.

నేనూ, నా మరదలూ, అంటే మా ఆయన చెల్లెలు, పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తాం. ఆరబెట్టే యంత్రంలోంచి వేడివేడిగా వచ్చి పడే దుప్పట్లను మడతపెట్టి పేర్చడం మా పని. పెద్ద దుప్పటిని మడతపెట్టడం ఒక్క మనిషి వల్ల కాదు. పెడితే అది మూటవుతుంది. చెరోవైపు రెండేసి కొసలు పట్టుకుని దులపాలి, అంచుకు అంచు కలపాలి, ఎదురెదురుగా నడిచి రావాలి. తన కొసలు నా చేతికిచ్చి, కింద వేలాడే మడత అందుకుని మరదలు వెనక్కి వెళుతుంది. మళ్ళీ వస్తుంది. మా దగ్గర ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు అని రెండు రకాలు. మొదట్లో ఎవరికి ఏది అలవాటైతే చివరిదాకా అదే. తను ఇచ్చేది, నేను పుచ్చుకునేదాన్ని. పూర్తయిన దుప్పటి ఎప్పుడూ నా చేతుల్లోనే మిగులుతుంది.

అక్కడ యంత్రాల హోరుకి చెవిలో అరిచినా వినపడదు. అందుకని మా మాటలన్నీ దుప్పటిలోంచే. చిన్నగా ఒకసారి లాగితే ఆగమని. గబగబా రెండుసార్లు లాగితే మరక ఉంది, పక్కన పడెయ్యమని. పొడుగ్గా, నెమ్మదిగా లాగితే గట్టిగా పట్టుకో, బరువు వేస్తున్నానని. బాగా నలిగిన దుప్పటి సాఫు కావాలంటే వెనక్కి వాలి ఒంటి బరువంతా దాని మీద వెయ్యాలి. ఎదుటి మనిషి వదలదన్న నమ్మకం ఉంటేనే అలా వాలగలం. ఇవి ఎవరూ నేర్పినవి కావు. ఏ జంట లాగుళ్ళు ఆ జంటవి. పక్క బల్ల వాళ్ళవి మాకు తెలియవు, మావి వాళ్ళకి తెలియవు.

నేను కాపురానికి వచ్చేసరికి తను బడికెళ్ళే పిల్ల. జడలు వేసింది నేను. జ్వరమొస్తే పక్కన పడుకున్నది నేను. లాండ్రీలో ఉద్యోగం చూపించింది కూడా నేనే. పెద్దయ్యాక పెళ్ళి మాటెత్తితే "నాకు వదిన చాలు" అని నవ్వేసేది. మా ఆయన బస్సు డ్రైవరు. పగలంతా హారన్ కొట్టి కొట్టి, ఇంటికొచ్చాక నోరు తెరవడు. మంచివాడే, కాకపోతే ఆయనకు చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే. మాట్లాడాలన్నా పోట్లాడాలన్నా నాకు మరదలే దిక్కు. "నిన్ను చూసే మీ అన్నయ్యని చేసుకున్నాను" అని తనను ఆటపట్టించేదాన్ని. అందులో హాస్యం సగమే.

ఇలా ఉండగా లాండ్రీ గోడ మీద గ్యాలరీ వాళ్ళు ఒక పోస్టరు అంటించారు. మీరు రోజూ చేసే పనిలోంచి ఒక కదలిక తీసుకురండి, అందరం కలిసి దాన్ని ప్రదర్శనగా మలుద్దాం అని. మరదలు చూసి వెళదామంది. బొమ్మలు వేలాడదీసే చోట మనకేం పని, మనల్ని కూడా మేకులకు తగిలిస్తారా అన్నాను. వినలేదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

అక్కడ అందరినీ పోగేసినావిడ బయటూరి కళాకారిణి. ఎంత ఉక్కపోతగా ఉన్నా మోకాళ్ళ దాకా బూట్లు వేసుకునేది. నేను బూట్లావిడ అని పేరు పెడితే మరదలు నవ్వాపుకోలేక వరండాలోకి పరిగెత్తింది. బేకరీ ఆయన పిండి పిసికే తీరు చూపించాడు. బార్బరు గాల్లోనే తలలు దువ్వాడు. పోస్టాఫీసులో పనిచేసే ఒక పొడుగావిడ ముద్రలు కొట్టే చెయ్యిని చూపించింది. తర్వాత మేమిద్దరం లేచి, సంచిలో తెచ్చుకున్న దుప్పటి తీసి, లాండ్రీలో మడతపెట్టినట్టే మడతపెట్టాం. అంతే. గుసగుసలాడుతున్నవాళ్ళు కూడా ఆపేశారు. బూట్లావిడ మళ్ళీ చెయ్యమంది. ఇంకోసారి చెయ్యమంది. ప్రదర్శనకు ఇదే గుండెకాయ అని తేల్చింది. చూడవచ్చేవాళ్ళు కూడా ఊరికే నిలబడకూడదట, ఇంటినుంచి తలో దుప్పటి తెచ్చుకుని చివర్లో మాతోపాటు మడతపెట్టాలట. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు.

తర్వాతి రిహార్సల్‌కి బూట్లావిడ హాలు ఆ చివరకు వెళ్ళి కళ్ళు చికిలించి చూసింది. దుప్పటి ఒక పక్కకు కుంగినట్టు కనిపిస్తోందని చెప్పింది. ఆ కుంగిన పక్క నేను. పీట వేసుకుంటానన్నాను. పీట మీద నిలబడితే నడవడం ఎలాగని అందరూ నవ్వారు, మరదలు కూడా. బూట్లావిడ చుట్టూ చూసి, పోస్టాఫీసు పొడుగావిణ్ణి పిలిచి నా కొసలు ఆమె చేతిలో పెట్టించింది. దుప్పటి బల్లలా సమంగా నిలబడింది. నాకు మాత్రం రెండు పనులు అప్పజెప్పింది. పొడుగావిడకు పని నేర్పడం ఒకటి, మడతపెట్టిన దుప్పట్లు అందుకుని గోడ పక్కన పేర్చడం ఒకటి. మీకంటే బాగా ఎవరు నేర్పగలరు అని ముద్దుగా అంది. తేనె పూసిన కత్తంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మరదలు ముఖం చిన్నబుచ్చుకుని, వదిన లేకపోతే నేనూ చెయ్యను అంది. నేను పెద్దరికంగా, "చెయ్యవే, నాకేంటి" అన్నాను. సరేనని చేసింది. అక్కడే నాకు మండింది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో తిరిగిన మనిషి, నేను నాకేంటి అంటే దాని అర్థం తెలియదా?

ఇక చూడాలి నా అవస్థ. గోడ పక్కన నిలబడటం, వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నడిచి రావడం చూడటం. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, మరదలికి ఆ పొడుగావిడ ఏం చేసినా బాగానే ఉంది. ఆవిడ కొసలు జారవిడిస్తే నవ్వేది. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి జారవిడిస్తే నెలంతా ఎత్తిపొడిచింది. ఆవిడ చేతులు ఎంత మెత్తనో అంది ఒకరోజు దారిలో. కాగితాల మీద ముద్రలు కొట్టే చేతులు మెత్తగా ఉండక ఏమవుతాయి? వేడి దుప్పట్లు పట్టి పట్టి నా వేళ్ళు మొద్దుబారాయి. ఆ మాట పైకి అనలేదు. అంటే కుళ్ళుకుంటున్నానని తెలిసిపోతుంది. నిజంగానే కుళ్ళుకుంటున్నాను కాబట్టి మరీ అనలేదు.

అంతవరకూ ఓర్చుకున్నాను. ఒకరోజు నడుస్తూ నడుస్తూ మరదలు దుప్పటిని చిన్నగా ఒకసారి లాగింది. పొడుగావిడ ఆగింది.

మొదట అర్థం కాలేదు. మళ్ళీ లాగింది, మళ్ళీ ఆగింది. మా లాగుడది. పక్క బల్ల వాళ్ళక్కూడా తెలియనిది, మా ఆయనకు కూడా చెప్పనిది, ఎవత్తికో ముద్రలు కొట్టే ఆవిడకు నేర్పేసింది. చేతిలో ఉన్న దుప్పటిని పేర్చానో పడేశానో గుర్తులేదు.

ఇంటికొచ్చాక అడిగాను. హాల్లో మాట్లాడకూడదు కదా వదినా, ఇంకెలా చెప్పమంటావు అంది. నిజమే. నిజం కావడంతో ఇంకా ఒళ్ళు మండింది. తను లేనప్పుడు మా ఆయనకు మొదట్నుంచి చివరిదాకా చెప్పుకున్నాను. ఆయన భోంచేస్తూ అంతా విని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, "దుప్పటేగా" అన్నాడు.

లాండ్రీలో కూడా తను మారింది. ప్రదర్శనలో నడిచినట్టు మెడ నిటారుగా పెట్టి, పాదాలు ఆనించీ ఆనించకుండా నడవడం మొదలుపెట్టింది. మంచాల మీద జనం దుప్పట్ల కోసం చూస్తున్నారు, చప్పట్లు కొట్టడానికి కాదు అని కసిరాను. నవ్వింది. ఆ నవ్వు కూడా కొత్తదే.

ప్రారంభానికి కొన్ని రోజుల ముందు బూట్లావిడ అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. ఈ ప్రదర్శనను వేరే ఊళ్ళ గ్యాలరీలు కూడా అడుగుతున్నాయట. అందరినీ తీసుకెళ్ళలేదు గానీ దుప్పటి జంట మాత్రం తనతో రావాలట. ఒక్కో ఊళ్ళో కొన్నాళ్ళు, మొత్తం మీద చాలా నెలలు. పొడుగావిడ సెలవు పెడతానంది. మరదలు తల దించుకుని తర్వాత చెబుతానంది.

నాతో చెబుతుందని చూశాను. దారిలో చెబుతుందనుకున్నాను, కూరలు తరుగుతూ చెబుతుందనుకున్నాను. వాతావరణం గురించి చెప్పింది. లాండ్రీలో సబ్బు వాసన మారిందని చెప్పింది. ఆ ఒక్కటీ చెప్పలేదు. చెప్పలేదంటే వెళుతుందనే కదా. వెళ్ళేది కాకపోతే దాచడమెందుకు? ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు నన్ను తగలేసి పోతోందనుకున్నాను. తను వెళ్ళిపోతే ఆ ఇంట్లో నేనూ, నోరు తెరవని మా ఆయనా. లాండ్రీలో అవతలి కొసలు ఎవరో పట్టుకుంటారు, వాళ్ళ చేతులు నాకు తెలియవు. తను వెళ్ళకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

అవకాశం కూడా బూట్లావిడే ఇచ్చింది. అంతకుముందు ఒకసారి లాండ్రీకి వచ్చి మేం పని చేస్తుంటే చూసి వెళ్ళింది. అక్కడ మేం వెనక్కి వాలి దుప్పటి సాఫు చెయ్యడం ఆమెకు తెగ నచ్చింది. ప్రదర్శనకు అదే ముగింపట. అయితే దానికి రిహార్సల్ వద్దంది. ముందే చేసి చూస్తే అందులో ప్రాణం పోతుందట, జనం ముందు మొదటిసారి జరగాలట. ఏం చెయ్యాలో పొడుగావిడకు నోటిమాటగా చెప్పమని నాకు పురమాయించింది.

వరండాలో కుళాయి దగ్గర చెప్పాను. పాపం ఆవిడ చేతులు కట్టుకుని బడిపిల్లలా నిలబడింది.

"తను పొడుగ్గా, నెమ్మదిగా లాగుతుంది. అప్పుడు వదిలెయ్యాలి," అన్నాను.

"పూర్తిగానా అండీ?"

"పూర్తిగా."

ఆవిడ రెండు చేతులూ గాల్లోకి చాపి, వేళ్ళు తెరిచి, ఇలాగేనా అని చూపించింది. అలాగే అన్నాను. మరదలు పడుతుందని నాకు తెలుసా అంటే తెలుసు. ఎంత గట్టిగా పడుతుందో తెలియదు, అంతే. పడితే పొడుగావిడ చేతగానిదని బయటపడుతుంది, పొడుగు ఒక్కటీ ఉంటే చాలదని బూట్లావిడకు తెలిసొస్తుంది, వదినే కావాలని మరదలు అంటుంది. ఇలా లెక్క వేసుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్ళే దారిలో మరదలు అడిగింది, ఆవిడకు చెప్పావా వదినా అని. చెప్పానన్నాను. నువ్వు చెబితే ఇక భయం లేదంది.

ప్రారంభం రోజు హాలు నిండిపోయింది. జనం నిజంగానే దుప్పట్లు తెచ్చుకున్నారు. పూలవి, గళ్ళవి, పిల్లలు పక్క తడిపి తడిపి వెలిసిపోయినవి. బార్బరు దువ్వాడు, బేకరీ ఆయన పిసికాడు, చివరకు వాళ్ళిద్దరూ నడిచి వచ్చారు. తెల్ల దుప్పటి వాళ్ళ మధ్య పరుచుకుంది. ఎంత బాగుందో నేను చెప్పకూడదు గానీ, బాగుంది. అందరూ తననే చూస్తున్నారు. తను ఎవరినీ చూడట్లేదు, దుప్పటి రెండో వైపు ఉన్న మనిషినే చూస్తోంది. ఆ చూపు నాది.

పొడుగ్గా, నెమ్మదిగా లాగింది. కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది. పొడుగావిడ రెండు చేతులూ తెరిచింది.

పడిన చప్పుడు నేననుకున్నదానికంటే పెద్దదే. ముందు నడుము తగిలింది, తర్వాత మోచెయ్యి. దుప్పటి ఎగిరి వచ్చి తన మీద పడింది. నేను ఒక అడుగు ముందుకు వేశానంటే నమ్మండి, ఒకటే అడుగు. అంతలో ఎవరో చప్పట్లు కొట్టారు. మరుక్షణం హాలంతా కొట్టింది. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. బూట్లావిడ గోడకు ఆనుకుని గుండె మీద చెయ్యి వేసుకుని ఉంది.

తర్వాత జరిగింది చూడాలి. జనాన్ని దుప్పట్లతో రమ్మన్నారు కదా, వాళ్ళు కూడా అదే చెయ్యాలనుకున్నారు. మొగుడు లాగితే పెళ్ళాం వదిలేసింది. తాత లాగినట్టు నటిస్తే మనవరాలు వదిలేసి తనే పడింది. హాలు నిండా జనం పడుతున్నారు, నవ్వుతున్నారు, లేస్తున్నారు. నేను తీసిన గొయ్యి ఊరందరికీ ఆటస్థలమయింది. నేను మాత్రం గోడ పక్కన దుప్పట్లు పేరుస్తూ ఉన్నాను.

అంతా అయ్యాక వరండాలో కుళాయి దగ్గర మరదలు మోచెయ్యి కడుక్కుంటోంది. చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. పొడుగావిడ పక్కనే నిలబడి, దెబ్బ తగులుతుందని తనకు తెలియదని, తెలిస్తే చేసేది కాదని పదేపదే చెబుతోంది. నేను దుప్పట్ల మోపుతో అటే వస్తున్నాను.

"మీ వదినగారు వదిలెయ్యమన్నారండీ. పూర్తిగానా అని కూడా అడిగాను," అంది పొడుగావిడ.

మరదలు కుళాయి కట్టేసింది. తలెత్తి నన్ను చూసింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు గానీ నాకు తడుముకోవడానికి కూడా చేతులు ఖాళీ లేవు. తను పొడుగావిడ భుజం తట్టి, మీ తప్పేం లేదని చెప్పి, లోపలికి బూట్లావిడ దగ్గరకు వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. ఇద్దరం కలిసే ఇంటికి నడిచాం. తిడుతుందేమోనని దారంతా కాచుకున్నాను. తిడితే తిరిగి తిట్టడానికి నా దగ్గర చాలా ఉన్నాయి, లాగుళ్ళు నేర్పినదాని దగ్గర్నుంచి. తను తిట్టలేదు.

ఇంట్లో మా ఆయన భోంచేస్తున్నాడు. మోచేతి కట్టు చూసి ఏమైందన్నాడు. పడ్డానంది మరదలు. నేను ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను, వంట అయిపోయిందని కూడా తోచలేదు. తను వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"వదినా, ఊళ్ళు తిరగడానికి రానని బూట్లావిడకి అడిగిన మర్నాడే చెప్పేశాను," అంది.

కత్తి ఆగిపోయింది.

"మరి నాతో అనలేదేం?"

"అంటే వెళ్ళమంటావు. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అంటావు. నువ్వు ఒక్కదానివైపోతావని నేనే వద్దనుకున్నాను. నీతో చెప్పి నీ చేత బతిమాలించుకోవడం ఎందుకని ఊరుకున్నాను." మోచేతి కట్టు సర్దుకుంది. "ఇందాక లోపలికెళ్ళి, మనసు మార్చుకున్నాను, మీతో వస్తానని చెప్పాను. పడటం మాత్రం ఉండదన్నాను. ఒప్పుకుంది."

నా నోట వచ్చిన మాట ఇది: "మరి లాండ్రీలో రెండో వైపు ఎవరు పడతారే?"

"ఎవరో ఒకరిని ఇస్తారు." పీట జరిపి లేచింది. "కొత్తగా వచ్చేవాళ్ళకి మాత్రం సరిగ్గా చెప్పు వదినా."

లోపలికెళ్ళి పెట్టె దించుతున్న చప్పుడు వినిపించింది. మా ఆయన కంచం ముందు అలాగే కూర్చుని నన్ను చూస్తున్నాడు. ఈసారి దుప్పటేగా అనలేదు. వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి ఆపాలని నాకు తెలుసు. తప్పయిపోయిందంటే ఆగుతుందేమో కూడా. గుమ్మం దాకా వెళ్ళాను. పెట్టె ముందు వంగి ఉన్న తన వీపు కనిపించింది, తప్పయిపోయిందన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాకు తన బదులు పొడుగావిడే కనిపిస్తోంది. ముందుముందు ఏ ఊళ్ళోనైనా తను కళ్ళు మూసుకుని వెనక్కి వాలితే రెండో వైపు ఉండేది ఆవిడే. తప్పు జరిగాక నేర్చుకున్న మనిషి, ఇక చచ్చినా వదలదు. ఆ మెత్తటి చేతులతో గట్టిగా పట్టుకుంటుంది.